ముప్పై రెండు అడుగుల మౌనం

బ్యాండు నడిపించే మాస్త్రో అనక్లేటో దిమాయుగాకు ముక్కు మీదే కోపమని సాన్ ప్రుడెన్సియో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెరట్లో కోడి అపస్వరంలో కూసినా దానికి నాలుగు చీవాట్లు పెడతాడని బ్యాండు వాళ్లు వెనకాల నవ్వుకునేవారు. కానీ ఆ ఎన్నికల ఏడాది, మార్చి నెలాఖరున ఒక ఉదయం వచ్చిన కోపం అలాంటిది కాదు. అది ముందు ఆయన కాలి మీదే వచ్చింది.

ఆయన కిటికీ పక్కన కూర్చుని పాండెసాల్ రొట్టె కాఫీలో ముంచుకుని తింటున్నాడు. ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది, పళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి. వీధిలో ఒక మోటారు ట్రైసికిల్ వస్తోంది. దాని నెత్తిన కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి ఈలలు, కీబోర్డు మోత, వాటి మీద ఒక ఆడగొంతు, "ఓటు ఎవరికి, మన గాసియోకి" అని. పాట హుషారుగానే ఉంది. మాస్త్రో కుడికాలి బొటనవేలు నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. రెండు చరణాలు వేసింది. మూడో చరణంలో బాణీ పైనుంచి కిందికి ఒక్కొక్క మెట్టే దిగింది. ఆ మెట్లు కట్టింది తనే. రొట్టె ముక్క జారి కాఫీలో పడింది, ఆయన దాన్ని తీసే ప్రయత్నం చేయలేదు.

"ఫెలీ," అని పిలిచాడు.

కూతురు ఫెలీసా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకు యాభై రెండేళ్లు, బ్యాండులో మొదటి క్లారినెట్ ఆమెదే. తండ్రి మొహం చూడగానే విషయం అర్థమైంది.

"మూడు రోజుల్నుంచి తిరుగుతోంది నాన్నా. నీ చెవిన పడలేదులే అని ఊపిరి పీల్చుకున్నాను."

"అది మనదేనా?"

"మనదే. నాలుగింతల జోరు పెంచారు, అంతే."

ట్రైసికిల్ మూల తిరిగింది. అక్కడ పాటలో ఒక చోటు వచ్చింది. మాస్త్రో ఆ చోటును గుర్తుపట్టి చెవులు మూసుకోబోయాడు కానీ చేతులు లేవలేదు. పదిమంది కుర్రాళ్ల గొంతులు ఒక్కసారి అరిచాయి. "గాసియో, గాసియో, గాసియో, గాసియో." ఎనిమిదిసార్లు లెక్కపెట్టినట్టు అరిచి, మళ్లీ పాట అందుకున్నారు. మాస్త్రోకి అరికాలి మంట నెత్తికెక్కింది. కాఫీ కప్పు గోడకేసి కొట్టాడు. తర్వాత తన కాలి వంక చూసుకున్నాడు. దాన్ని నరుక్కోవాలనిపించింది.

దేశానికి మాస్త్రో క్లేటో అంటే ప్రేమపాటల మనిషి. ఊరికి వస్తూ పోతూనే మనీలాలో ముప్పై ఏళ్లు సినిమాలకు పాటలు కట్టాడు. అవి ఇప్పటికీ పెళ్లిళ్లలో పాడతారు, బస్సుల్లో వేస్తారు, పరాయి దేశాల్లో ఇళ్లపనికి పోయిన ఆడవాళ్లు ఫోన్లో విని ముక్కు చీదుకుంటారు. రాజధానిలో పిలిచి మెడలో పతకం వేశారు. ఊళ్లో ఒక సందుకు ఆయన పేరు పెట్టారు, ఆ సందులో మురుగు మాత్రం బాగుచేయలేదు. ఆయన మటుకు వాటిని బియ్యం పాటలనేవాడు, బియ్యం కొనుక్కోవడానికి కట్టినవని. నాదీ అని చెప్పుకున్నది ఒక్కటే. అది గుడ్ ఫ్రైడే ఊరేగింపులో, గాజుపెట్టెలో పడుకోబెట్టిన ప్రభువు విగ్రహం వెనక బ్యాండు వాయించే శోకయాత్ర బాణీ.

నలభై మూడేళ్ల కిందట సరస్సు అవతలి ఊళ్లో పండగకి వాయించి బ్యాండు తిరిగొస్తోంది. రెండు పడవలు. బాకాలు, డోళ్లు బరువని వాటిని పెద్ద పడవలో ఎక్కించారు. "క్లారినెట్ల వాళ్లు చిన్న పడవలో రండి, మీ చేతుల్లో ఏం బరువుందని," అన్నది మాస్త్రోనే. నడి సరస్సులో గాలి లేచింది. పెద్ద పడవ ఒడ్డు చేరింది. చిన్న పడవ చేరలేదు. ఏడుగురు క్లారినెట్ వాళ్లు, వాళ్లలో ఆయన తమ్ముడు సెవెరో ఒకడు. బ్యాండులో పాట పాడేది క్లారినెట్లే. అవి పోతే మిగిలేది మోత, ఊపిరి.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడేకి ఆయన ఈ శోకయాత్ర కట్టాడు. నడుమ ఒక చోట, క్లారినెట్లు పాట అందుకోవలసిన చోట, ఏమీ రాయలేదు. రాసినా వాయించేవాడు లేడు. అక్కడ బాకాలు కూడా ఆగిపోతాయి. పెద్ద డోలు ఒక్కటి, ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు, ముప్పై రెండు అడుగులు. తర్వాత కాలంలో క్లారినెట్లు బోలెడు వచ్చాయి. ఆయన ఆ ఖాళీ పూడ్చలేదు. నలభై రెండేళ్లుగా ఊరు ఊరంతా ఆ ముప్పై రెండు అడుగులు నోరు మూసుకుని నడిచింది. చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఆ ఖాళీలోనే ఇప్పుడు గాసియో పేరు పోశారు.

గాసియో అంటే మేయర్ రొగాసియానో విల్యాపాండో. మూడోసారి నిలబడ్డాడు. అతని పెద్దకొడుక్కి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది మాస్త్రో. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు పారే అనే పిలుచుకుంటారు. అది మామూలు పిలుపు కాదు, చుట్టరికం కన్నా గట్టిది.

మాస్త్రో చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మునిసిపల్ ఆఫీసుకు నడిచాడు. దారిలో మూడు ట్రైసికిళ్లు ఎదురయ్యాయి. మూడూ అదే పాడుతున్నాయి. చేపల బజారులో ఒకావిడ చేప కడుగుతూ నడుము ఊపుతోంది. మాస్త్రోని చూసి, "మీ పాటంట కదా మాస్త్రో, భలే ఉంది," అంది. ఆయన పళ్లు కొరుక్కున్నాడు.

మేయర్ లేచి ఎదురొచ్చాడు. "రండి పారే, రండి. కాఫీ తెప్పించనా?"

"నీ కాఫీ నాకొద్దు గాసియో. ఆ పాట ఆపించు."

పారే అనకుండా పేరు పెట్టి పిలవడంతో మేయర్ నవ్వు కాస్త తగ్గింది. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"మీరే ఇచ్చారుగా. నా పుట్టినరోజునాడు, అరవైమంది ముందు అడిగాను. మీ శోకయాత్ర నాకు కావాలి పారే, ఇస్తారా అని. నాది నీది కానిదేముంది అన్నారు. అందరూ విన్నారు."

అన్నమాట నిజం. మాస్త్రో ఒళ్లు ఇంకా మండింది. ఫిబ్రవరిలో ఆ విందులో, కాల్చిన పంది చుట్టూ జనం చేరి ఉండగా, గాసియో భుజం మీద చెయ్యేసి అడిగాడు. గాసియో తల్లి పానియా మామ్మకు తొంభై నిండాయి, అప్పటికి నెల రోజులుగా మంచం మీద ఉంది. ఆమె కోసమే అడుగుతున్నాడనుకున్నాడు మాస్త్రో. తల్లి అంతిమయాత్రకి ముందే మాట తీసుకుంటున్నాడు పాపం అనుకున్నాడు. దేనికని అడిగితే బతికున్న మనిషి చావు నోటితో పలికినట్టవుతుంది, అదీ పుట్టినరోజు విందులో. అది ఎవరూ చేయరు. అందుకే అడగలేదు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి ఆ పూట. పానియా మామ్మ తర్వాత లేచి కూర్చుంది, గంజి తాగింది, కుర్చీలో వాకిట్లోకి వస్తోంది.

"నేను మీ అమ్మ కోసమనుకున్నాను," అన్నాడు మాస్త్రో.

"మా అమ్మకేం, రాయిలా ఉంది. అపశకునం మాటలు మాట్లాడకండి."

"ఆ నడుమ ఖాళీలో నీ పేరు అరిపించావు."

"అక్కడ ఖాళీగా ఉంది పారే. స్పీకర్లో ఒక్కసారిగా ఆగిపోతే కరెంటు పోయిందనుకుంటారు జనం. స్టూడియో వాళ్లు అడిగారు, ఇక్కడేం పెట్టమంటారని. పేరు పెట్టండన్నాను."

"అక్కడ ఖాళీ లేదు. అక్కడ ఏడుగురున్నారు. వాళ్లలో ఒకడు మీ మేనమామ."

"నాకు తెలియదా? టినో మామయ్య ఉంటే ఎంత గర్వపడేవాడో." మేయర్ ముందుకు వంగి నెమ్మదిగా అన్నాడు. "చూడండి పారే, ఏడాదికి ఒక్కరోజు వినేవారు మీ పాట. ఇప్పుడు రోజుకు వందసార్లు వింటున్నారు. పసిపిల్లలు పాడుతున్నారు. శవాల వెనక పడి తిరిగేదానికి నేను ప్రాణం పోశాను."

బల్ల మీదున్న రాతి పేపర్‌వెయిట్ మీదికి మాస్త్రో చెయ్యి పోయింది, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మేయర్ అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

"ఎన్నికలయ్యాక ప్లాజాకు మీ పేరు పెడతాను," అన్నాడు తలుపు తీస్తూ.

"ముందు సందులో మురుగు తీయించు," అని మాస్త్రో బయటికి నడిచాడు.

గుడ్ ఫ్రైడేకి రెండు వారాలుందనగా చర్చి వెనక షెడ్డులో బ్యాండు సాధన మొదలైంది. మొత్తం ఇరవై ఎనిమిది మంది. పెద్ద డోలు ప్రిస్కోది. ఆనాడు పెద్ద పడవలో వచ్చినవాళ్లలో బ్యాండులో ఇంకా మిగిలింది మాస్త్రో, ప్రిస్కో ఇద్దరే. శోకయాత్ర మొదలైంది. నడుమ ఖాళీ వచ్చింది. ప్రిస్కో ఒక దెబ్బ కొట్టాడు, రెండో దెబ్బ కొట్టాడు. మూడో దెబ్బకు ట్రంపెట్ వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు ఆపుకోబోయి పక్కవాడు దగ్గాడు. నాలుగో దెబ్బకు ఇంకొకడి పెదాలు వాటంతటవే కదిలాయి. గాసియో అని.

ప్రిస్కో డోలు కర్ర నేలకేసి కొట్టాడు. "నవ్వండ్రా, నవ్వండి. మీ బాబుల ముందు కూడా ఇలాగే నవ్వండి."

"వాళ్లని తిట్టకు," అన్నాడు మాస్త్రో. "నా కాలు కూడా ఆడింది."

నవ్వినవాడు తల వంచుకుని, "కావాలని కాదు మాస్త్రో. ఆపినా తలకాయలో అదే వస్తోంది," అన్నాడు.

అబద్ధం కాదు. ఎంత మెల్లగా వాయించినా, ఆ ముప్పై రెండు అడుగుల్లో ఊరివాళ్ల తలకాయల్లో ఒకడి పేరే మోగుతుంది. ఏడుగురినీ రెండోసారి ముంచేశారు. ఈసారి కూడా పడవ చూపించింది తనే.

ఇది చాలదన్నట్టు, ఆదివారం నాడు ఎన్నికల అధికారిణి ఇంటికి వచ్చింది. నెమ్మదస్తురాలు, ఆ ఊరి ఆడపడుచే. చెప్పులు బయట విడిచి, చేతిలో కాగితం పట్టుకుని, చెప్పలేక చెప్పలేక చెప్పింది. పవిత్ర గురువారం, గుడ్ ఫ్రైడే, ఈ రెండు రోజులూ దేశమంతా ప్రచారం నిషేధం. ఆ రెండు రోజులూ అభ్యర్థి పాట ఏ రూపంలోనూ వీధిలో మోగకూడదు. మేయర్‌కి పోటీగా నిలబడ్డాయన ఫిర్యాదు పెట్టాడు, ఊరేగింపులో బ్యాండు గాసియో పాట వాయించబోతోందని.

"గాసియో పాటా?" అన్నాడు మాస్త్రో. "నలభై రెండేళ్లుగా అది ఎవరి పాటో నీకు తెలియదా తల్లీ? మీ నాన్న ఆ ఊరేగింపులో సిలువ మోసేవాడు కదా."

"తెలుసు మాస్త్రో. చివరి ఏడు ఆయన చెయ్యి పట్టుకుని నేనే నడిపించాను." ఆమె కాగితం మడతపెట్టింది, మళ్లీ విప్పింది. "కానీ నిన్న మా మనవడు దాన్ని ఉయ్యాల్లో పాడుతున్నాడు. వాడికి రెండేళ్లు. వాడికి తెలిసిన ఒకే ఒక్క అభ్యర్థి పేరు అది. రూలు ప్రకారం అది ప్రచారమే. కాదని నేనెలా రాయను?"

ఫెలీసా కాగితం లాక్కుని చదివింది. "ఆ రెండు రోజులే ఊళ్లో స్పీకర్లుండవు. ఆ రెండు రోజులే మా పాట మాకు దక్కేది. అవే వద్దంటారా?"

"మేయర్‌గారు తన పాట వెనక్కి తీసుకుంటే..."

"ఆయన తీసుకోడు," అన్నాడు మాస్త్రో. "నువ్వు పోయిరా తల్లీ, నీ తప్పేం లేదు."

ఆమె వెళ్లేదాకా మర్యాదగానే ఉన్నాడు. ఆ తర్వాత మాత్రం నోటికొచ్చిన బూతులతో గాసియోని, అతని స్టూడియోని, ఫిర్యాదు పెట్టినవాణ్ని, చివరికి తన నాలుకని తిట్టిపోశాడు. పక్కింటివాళ్లు కిటికీ మూసేసుకున్నారు.

గుడ్ ఫ్రైడే నాడు ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, సరస్సులో తెడ్డు పడ్డ చప్పుడు కూడా వినిపించింది. మాస్త్రో ఊరేగింపుకి వెళ్లలేదు. తలుపు మూసుకుని చీకటి గదిలో కూర్చున్నాడు. బ్యాండు పొరుగూరి నుంచి అరువు తెచ్చిన ఏదో శోకగీతం వాయిస్తూ ఇంటి ముందునుంచి పోయింది. జనానికి దానికి అడుగు కుదరలేదు. చెప్పులు ఎవరిష్టం వచ్చినట్టు వారివి పడుతున్నాయి, సంతకు పోతున్నట్టు.

ఫెలీసా తిరిగొచ్చి క్లారినెట్ పెట్టె మంచం మీద పెట్టింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పానియా మామ్మ ఎప్పటిలాగే వాకిట్లో కొవ్వొత్తి పట్టుకుని కూర్చుంది నాన్నా. బ్యాండుని ఆపి అడిగింది. క్లేటో ఏడి, మా టినో పాట ఏది, అని."

"ఏం చెప్పారు?"

"మేయర్ మనిషొకడు, మాస్త్రోకి ఒంట్లో బాలేదమ్మా అని సర్దేశాడు. ఆవిడకి ఆ స్పీకర్ పాట ఇదేనని తెలియదు. అంత జోరులో ఆవిడ దాన్ని గుర్తుపట్టలేదు."

మాస్త్రో "గుర్తుపట్టలేదా," అని మాత్రం అన్నాడు. ఆ మాట ఆయన మనసులో పడి ఉండిపోయింది.

మే నెల మొదటి వారంలో మేయర్ స్వయంగా ఇంటికి వచ్చాడు, చేతిలో బిబింకా రొట్టెల పొట్లంతో. పోలింగు సోమవారం. శనివారం సాయంత్రం ప్లాజాలో ఆఖరి సభ. ఆ సభలో స్పీకర్ పాట వద్దట, అసలు బ్యాండే వాయించాలట, మాస్త్రోనే నడిపించాలట. పేరు మోసిన సంగీతకర్త వేదిక మీదుంటే ఆ అందమే వేరట.

"పాత గొడవలు మనసులో పెట్టుకోకండి పారే. చుట్టరికం పెద్దదా, పాట పెద్దదా?"

ఫెలీసా తలుపు వంక చెయ్యి చూపించబోయింది. మాస్త్రో అన్నాడు, "వస్తాను. కానీ ఒక మాట. నా బ్యాండు నేను నడిపించినట్టే నడుస్తుంది. నడుమ ఎవరూ ఆపకూడదు."

"మీ మాటకి ఎదురా? మీ చిత్తం."

"మీ అమ్మని కూడా తీసుకురా."

"అమ్మ వేదిక మీదే ఉంటుంది. తల్లి ఆశీర్వాదం అందరికీ కనపడాలి కదా," అని నవ్వుతూ వెళ్లాడు.

తలుపు వేయగానే ఫెలీసా తండ్రి మీద విరుచుకుపడింది. "సిగ్గు లేదా నాన్నా? వాడి రొట్టెలకి అమ్ముడుపోయావా?"

"రొట్టెలు కుక్కకి పెట్టు. నేను దాన్ని ఎలా కట్టానో అలాగే వాయిస్తాను. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క అడుగు. ఖాళీ వచ్చినప్పుడు ఆపేస్తాను. ఆ ముప్పై రెండు అడుగుల్లో ఊరు నోరు మూసుకుంటే ఆ పాట ఇంకా మనదే. గాసియో అని అరిస్తే పోయినట్టే. ఇక ఎప్పటికీ వాయించను, ఎవరి వెనకా, నా వెనక కూడా."

ఫెలీసా మంచం మీద కూర్చుండిపోయింది. "ఊరు అరుస్తుంది నాన్నా. సభకి వచ్చేవాళ్లంతా వాడి టీషర్టులు వేసుకున్నవాళ్లే."

"అరిస్తే అరవనీ. నాకు తెలియాలి."

బ్యాండులో తొమ్మిదిమంది మునిసిపాలిటీలో దినకూలీలు. వాళ్లు రామన్నారు, మాస్త్రో వాళ్లని ఒక్క మాట కూడా అనలేదు. సాధనలో నవ్వినవాడు మాత్రం అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు.

శనివారం సాయంత్రం అయిదింటికి ప్లాజా కిటకిటలాడుతోంది. ఊరంతా పసుప్పచ్చ టీషర్టులు, చేతుల్లో మేయర్ బొమ్మ వేసిన అట్ట విసనకర్రలు. వేదిక మీద పానియా మామ్మని చక్రాల కుర్చీలో మైకు పక్కనే కూర్చోబెట్టారు. నృత్యం చేసే అమ్మాయిలు మెరుపు బట్టల్లో వరుస కట్టారు. మేయర్ మైకు అందుకుని, మన ఊరి కీర్తి, మన దేశపు కీర్తి, నా ఆప్తబంధువు అని ఏవేవో చెప్పాడు. మాస్త్రో వేదిక ఎక్కలేదు. బ్యాండు ముందు నేల మీద నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి దించాడు.

బాకాలు శోకయాత్ర అందుకున్నాయి, మెల్లగా, నలభై రెండేళ్లు నడిచిన నడకలో.

బాణీ గుర్తుపట్టి జనం చప్పట్లు కొట్టారు. "ఓటు ఎవరికి" అని పాడటం మొదలుపెట్టారు. ఆ మాటలు ఆ నడకలో ఇమడలేదు. "ఓటు" అన్న మాట సాగి సాగి ఊపిరి చాలక తెగిపోయింది. రెండోసారి ప్రయత్నించారు, మళ్లీ తెగింది. నృత్యం అమ్మాయిలు నడుము ఒక పక్కకి వేసి, రెండో పక్కకి వేయడానికి సంగీతం కోసం ఎదురు చూస్తూ నిలబడిపోయారు. ముందు వరుసలో ఒక ముసలాయన టోపీ తీశాడు. చేపల బజారు ఆవిడ విసనకర్ర చంకలో పెట్టుకుని సిలువ గుర్తు వేసుకుంది. వాళ్లు ఆలోచించి చేసినట్టు లేదు. ఆ బాణీకి ఏం చేయాలో చేతులకి తెలుసు.

మాస్త్రో వెనుదిరిగి నడవసాగాడు. బ్యాండు రెండు వరుసలై ఆయన వెనక కదిలింది. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. తర్వాత ఒకరి వెనక ఒకరు ఆ దారిలోకే వచ్చారు. వేదిక మీద మేయర్ నవ్వు అలాగే పెట్టుకుని పక్కనున్నవాళ్ల వంక చూశాడు. బతికున్న మనిషి సభలో చావు ఊరేగింపు బయల్దేరింది. వేదిక మీదున్న కౌన్సిలర్లలో ఒకడు మెడలోని సిలువ పట్టుకుని మెల్లగా రెండడుగులు ఎడంగా జరిగాడు.

"పారే," అన్నాడు మేయర్ మైకులో. "కొంచెం హుషారుగా, పారే."

మాస్త్రో తిరిగి చూడలేదు. బాణీ మెట్టు మెట్టుగా కిందికి దిగింది. ఫెలీసా క్లారినెట్ పెదాల నుంచి తీసి గుండెకి ఆనించుకుంది. బాకాలు ఆగిపోయాయి. ఖాళీ వచ్చింది.

ప్రిస్కో ఒక దెబ్బ కొట్టాడు. ప్లాజా చివర, అరవడం కోసమే తెచ్చి నిలబెట్టిన కుర్రాళ్ల గుంపులోంచి "గాసియో" అని ఒక కేక లేచింది. మాస్త్రో అడుగు ఆపలేదు. రెండో దెబ్బకి మరో నాలుగు గొంతులు కలిశాయి. మేయర్‌కి ప్రాణం లేచొచ్చింది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, చెయ్యి పైకెత్తి, తన పేరు తనే అందించబోయాడు. "గా..."

"నోరు ముయ్యరా," అంది పానియా మామ్మ.

మైకు పక్కనే ఉంది కాబట్టి ఆ మాట స్పీకర్లన్నిట్లోంచీ వచ్చింది. ఆమె అరవలేదు. ఇంట్లో పిల్లాడు అల్లరి చేస్తే అన్నట్టే అంది.

"నోరు ముయ్యి. మీ మామయ్య పోతున్నాడు."

మేయర్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కుర్రాళ్ల గుంపులో ఎవరో మొదలుపెట్టిన కేక సగంలో మింగేశారు. ప్రిస్కో మూడో దెబ్బ కొట్టాడు. మాస్త్రోకి వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది, వందల చెప్పులు, అన్నీ ఒకే అడుగు. ఆయన లెక్కపెట్టుకుంటూ నడిచాడు. కోపం తగ్గలేదు. గాసియో మీద తగ్గలేదు, తన మీద అసలే తగ్గలేదు. సోమవారం జనం గాసియోకే ఓటేస్తారని కూడా ఆయనకి తెలుసు. పది అడుగులయ్యాయి, ఇరవై అయ్యాయి. వేదిక మెట్ల మీద చక్రాల కుర్చీ దించుతున్న చప్పుడైంది. పసుప్పచ్చ టీషర్టులు వేసుకున్న నలుగురు దాన్ని ఎత్తి తెచ్చి, జనం మధ్యలో దించి, ఊరేగింపులో కలిపారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

ముప్పై రెండో అడుగు పడ్డాక, మళ్లీ అందుకోమని బ్యాండుకి సైగ చేయడానికి మాస్త్రో చెయ్యి ఎత్తాడు. ఊరు ఇంకా నోరు మూసుకునే ఉంది. ఆయన ఆ చెయ్యి వెంటనే దించలేదు, ఇంకొక అడుగు అలాగే నడిపించాడు.